ఇనుప నాగలి నుంచి ఇంజను దాకా: లక్ష్మణరావు కిర్లోస్కర్ జీవితం

కిర్లోస్కర్ అన్న మాట వినగానే మన తరం వారికి ముందుగా గుర్తుకొచ్చేది మనిషి కాదు, చప్పుడు. బావి గట్టున రేకుల పాకలో టకటకమంటూ ఊరంతా వినిపించే ఇంజను చప్పుడు. ఎద్దులతో మోట తోలే రోజులు పోయి, ఇంజను పెట్టి నీళ్లు తోడే రోజులు వచ్చినప్పుడు, మన పల్లెల్లో రైతులు ఇంజను కొన్నామని చెప్పరు, కిర్లోస్కర్ పెట్టామని చెప్పేవారు. ఊళ్లో ఎవరికైనా రెండెకరాలు అదనంగా పండిందంటే ఆ ఇంజను పుణ్యమే అనుకునేవారు. అంతగా మన ఇళ్లలో నలిగిన పేరు అది. అయినా ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన ఒక బడిపంతులుగా జీవితం మొదలుపెట్టాడనీ, మొదట తయారుచేసిన ఇనుప నాగలిని కొనే నాథుడు లేక ఏళ్ల తరబడి ఎదురుచూశాడనీ మనలో ఎంతమందికి తెలుసు?

మన ప్రత్యేక సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని ఒకసారి తలచుకోవడం సముచితమని తోచింది. ఎందుకంటే ఆయన కట్టింది ఒక కార్ఖానా మాత్రమే కాదు. కార్ఖానాలో చెమటోడ్చిన వారి కోసం ఒక ఊరు కూడా కట్టాడు. ముప్పై, ముప్పై అయిదేళ్లు ఏదో ఒక సంస్థలో పనిచేసి, ఆ సంస్థే మన ఊరు అన్నట్టుగా బతికిన మనకు ఈ కథ మన ఇంటి కథలాగే ఉంటుంది.

బాల్యం, చదువు

లక్ష్మణరావు కిర్లోస్కర్ 1869 జూన్ 20న బెల్గాం జిల్లాలోని గుర్లహొసూరు గ్రామంలో జన్మించారు. ఇప్పుడు ఆ జిల్లాను బెళగావి అంటున్నారు, కర్ణాటకలో ఉంది. అప్పట్లో అది బొంబాయి ఇలాకాలో భాగం. వారి పూర్వులు కొంకణ ప్రాంతం వారు. అక్కడి ఊరిపేరు మీదుగానే వారికి ఇంటిపేరు వచ్చింది. తండ్రి కాశీనాథ పంత్ వేదాంత విషయాల్లో పాండిత్యం గలవారు. మరాఠీ సంగీత నాటకానికి ఆద్యుడుగా పేరొందిన అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ కూడా ఇదే ఊరిలో పుట్టిన ఇదే వంశీయుడు. అంటే పాండిత్యానికీ, కళలకూ పేరున్న ఇల్లు తప్ప, సుత్తికీ కొలిమికీ సంబంధం ఉన్న ఇల్లు కాదు.

చిన్ననాడు లక్ష్మణరావుకు బడి చదువు మీద అంతగా మనసు నిలవలేదు. బొమ్మలు గీయడమన్నా, యంత్రాలు ఎలా పనిచేస్తాయో చూడడమన్నా ఆయనకు ప్రాణం. తండ్రికి ఇది నచ్చలేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు చక్కగా చదువుకుని సర్కారు కొలువులో కుదురుకోవాలన్నదే ఆనాటి పెద్దల కోరిక. అయితే అన్న రామచంద్రరావు తమ్ముడి పక్షాన నిలిచారు. ఈయనను అందరూ రామూఅణ్ణా అని పిలిచేవారు. అన్న ఇచ్చిన అండతోనే లక్ష్మణరావు 1885లో బొంబాయి వెళ్లి జె.జె. కళాశాలలో చిత్రలేఖనం చదువుకోవడానికి చేరారు.

రెండేళ్లు గడిచేసరికి ఆయన జీవితంలో మొదటి దెబ్బ తగిలింది. ఆయన కళ్లు కొన్ని రంగులను సరిగా గుర్తించలేవని తేలింది. చిత్రకారుడు కావాలని ఇల్లు విడిచి వచ్చిన కుర్రవాడికి అది ఎంత పెద్ద శాపమో ఊహించవచ్చు. ఇంకొకరైతే పెట్టె సర్దుకుని ఊరికి తిరిగి వెళ్లేవారు. తండ్రి మాటే నెగ్గిందని బంధువులు అనుకునేవారు. లక్ష్మణరావు అలా చేయలేదు. రంగులతో పని లేని చిత్రలేఖనం ఒకటుంది, అది యంత్రాల నక్షాలు గీయడం. అందులో కావలసింది రంగు కాదు, కొలత. ఆ విద్యనే పట్టుదలగా నేర్చుకున్నారు. ఒక తలుపు మూసుకుపోతే పక్క తలుపు తట్టడం ఆయన అక్కడ నేర్చుకున్నారు. ఆ అలవాటు జీవితాంతం వదలలేదు.

పంతులు ఉద్యోగం, సైకిళ్ల అంగడి

ఆ చదువు ఆయనకు బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అధ్యాపక ఉద్యోగం తెచ్చిపెట్టింది. యంత్రాల నక్షాలు గీయడం పిల్లలకు నేర్పడం ఆయన పని. పాఠం చెప్పి జీతం తీసుకుని ఇంటికి పోయే మనిషి కాదాయన. తీరిక దొరికితే చాలు, అక్కడి వర్క్‌షాపులోకి వెళ్లి యంత్రాల మీద స్వయంగా చేయి చేసుకునేవారు. కాగితం మీద గీసిన గీత ఇనుములో ఎలా రూపు కడుతుందో అక్కడే తెలుసుకున్నారు. విదేశాల నుంచి వచ్చే సాంకేతిక పత్రికలు తెప్పించుకుని చదివేవారు. అమెరికాలో కొత్త పనిముట్లు ఎలా తయారవుతున్నాయో, అక్కడ వ్యవసాయంలో ఏ యంత్రాలు వాడుతున్నారో వాటి ద్వారానే గ్రహించారు.

ఆ రోజుల్లో సైకిలు మన దేశానికి కొత్త. బొంబాయి వీధుల్లో సైకిలు తొక్కేవాణ్ణి జనం వింతగా నిలబడి చూసేవారు. ఈ వాహనానికి మంచి రోజులు రానున్నాయని లక్ష్మణరావు గుర్తించారు. బొంబాయిలో తాను సైకిళ్లు కొని పంపడం, బెల్గాంలో అన్న రామూఅణ్ణా వాటిని అమ్మడం, కొన్నవారికి తొక్కడం నేర్పడం, ఇదీ ఏర్పాటు. ఆ చిన్న అంగడికి అన్నదమ్ముల పేరే పెట్టారు. అదే కిర్లోస్కర్ బ్రదర్స్. ఈ సంస్థ తన పుట్టుకను 1888 నుంచి లెక్క వేసుకుంటుంది. నేటికీ బెళగావిలో కిర్లోస్కర్ పేరుతో ఒక వీధి ఉంది.

ఉద్యోగంలో మాత్రం రెండో దెబ్బ తగిలింది. తనకు రావలసిన పదోన్నతి తనకు రాలేదు. దానిని ఒక ఆంగ్లో ఇండియన్‌కు ఇచ్చారు. పాలకులు పరాయివారైన ఆ కాలంలో ఇది వింతేమీ కాదు. ఎందరో ఇలాంటి అన్యాయాన్ని దిగమింగి నెల జీతం కోసం తల వంచుకుని బతికారు. మనలో కూడా సర్వీసు రోజుల్లో ఇటువంటి చేదు మింగనివారు తక్కువ. లక్ష్మణరావు రాజీనామా చేసి బెల్గాం వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. చేతిలో పెట్టుబడి పెద్దగా లేదు. ఉన్నదల్లా అన్న తోడు, చేతిలో విద్య.

రైతు కొనని నాగలి

బెల్గాంలో సైకిళ్ల వ్యాపారం సాగుతూనే ఉంది. కానీ లక్ష్మణరావు మనసు అమ్మకం మీద లేదు, తయారీ మీద ఉంది. సైకిలు కొనేవారు పట్టణాల్లో ఏ నూటికో ఒకరు. నాగలి అక్కర లేని ఇల్లు పల్లెల్లో లేదు. తన చుట్టూ ఉన్న రైతు ఎలా బతుకుతున్నాడో చూసి, అతని చేతికి మంచి పనిముట్టు ఇవ్వాలని ఆయన సంకల్పించారు. మొదట పశువుల మేత కోసే యంత్రాలు చేశారు. చొప్పను చిన్న ముక్కలుగా కోసి పెడితే పశువు వృథా చేయకుండా తింటుంది. ఆ తర్వాత ఇనుప నాగలి మీదకు దృష్టి మళ్లించారు. 1903లో కిర్లోస్కర్ నాగలి తయారైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన పాత నాగలి మొత్తం కర్రదే. నేలలో దిగే కొసన మాత్రం ఇనుప కర్రు ఉంటుంది. అది నేలను గీరుతుంది, చీలుస్తుంది, కానీ తిరగవేయదు. ఇనుప నాగలికి కర్రు వెనుక వంపు తిరిగిన రెక్క ఉంటుంది. కర్రు కోసిన మట్టి గడ్డ ఆ రెక్క మీదుగా ఎక్కి పక్కకు బోర్లా పడుతుంది. అడుగు మట్టి పైకి వస్తుంది, పైనున్న గడ్డి అడుగుకు పోయి కుళ్లిపోతుంది. దక్కను నల్లరేగడి భూముల్లో లోతుగా వేళ్లు దించే మొండి గడ్డిని పాత నాగలితో వదిలించడం మహా కష్టం. దానికి ఇటువంటి లోతు దుక్కే మందు. ఇంగ్లండు నుంచి రాన్సమ్ కంపెనీ నాగళ్లు మన దేశానికి దిగుమతి అయ్యేవి. అటువంటి నాగలిని ఇక్కడే, మన రైతుకు అందే ధరలో, మన ఎద్దులకు తగ్గట్టు చేయాలన్నది లక్ష్మణరావు ఆలోచన.

నాగలి తయారైంది కానీ కొనేవారు లేరు. ఇనుము మొత్తం నేలలో దిగితే భూమికి విషం ఎక్కుతుందని రైతుల భయం. తాత ముత్తాతలు వాడని వస్తువును పొలంలో దించితే భూమి పాడవుతుందేమోనని సంకోచం. రైతును ఇందుకు తప్పు పట్టలేం. అతనికి ఉన్నదే ఒక చెక్క నేల. అందులో ప్రయోగం వికటిస్తే ఇంటిల్లిపాదీ పస్తులు. మొదటి నాగలి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టిందని చెబుతారు. రెండేళ్లపాటు సరుకు కళ్లముందే పడి ఉంటే ఏ వ్యాపారికైనా గుండె జారిపోతుంది. లక్ష్మణరావు మాత్రం రైతు మూర్ఖుడని విసుక్కోలేదు. తన నాగలి రైతుకు నచ్చేదాకా ఓపిక పట్టారు.

అమ్మకం మొదలయ్యాక కూడా చిక్కులు తీరలేదు. కర్రు త్వరగా అరిగిపోతోందన్న ఫిర్యాదు వచ్చింది. దాన్ని ఆయన నిందగా తీసుకోలేదు, పాఠంగా తీసుకున్నారు. పోతపని తెలిసిన మన సభ్యులకు ఇందులోని కీలకం తెలిసే ఉంటుంది. కరిగించిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉంటుంది. అరిగే చోట అచ్చులో ఇనుప దిమ్మె అమర్చి గబుక్కున చల్లారేలా చేస్తే ఆ భాగం గట్టిపడుతుంది. అయితే గట్టిదనం మరీ ఎక్కువైతే రాయి తగలగానే పెళుసుగా విరిగిపోతుంది. గట్టిదనానికీ పెళుసుదనానికీ మధ్య సరైన పాకం పట్టడమే పోతపనిలో నేర్పు. అందుకు పుస్తకం చాలదు. పోయాలి, విరగాలి, మళ్లీ పోయాలి. ఆయన పట్టు విడవక ప్రయత్నించి మెరుగైన కర్రు తయారుచేశారు. రైతుల నోటి మాట మీదుగానే నాగలి పేరు మెల్లగా పాకింది.

నిలువ నీడ లేని రోజు

పని పుంజుకుంటున్న వేళ మూడో దెబ్బ తగిలింది. ఊరి విస్తరణ కోసం కార్ఖానా ఉన్న స్థలాన్ని ఖాళీ చేయాలని పురపాలక సంఘం ఆదేశించింది. చిన్న కార్ఖానా అయినా కొలిమి, యంత్రాలు, అచ్చులు, అన్నీ పెకలించుకుని పోవాలి. ఎక్కడికి పోవాలి? కొత్త స్థలం కొనడానికి డబ్బు లేదు. పని నేర్చిన మనుషులు చెదిరిపోతే మళ్లీ దొరకరు.

ఆ కష్టకాలంలో ఆదుకున్నది ఔంధ్ సంస్థానాధీశుడు బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి. ఔంధ్ చాలా చిన్న సంస్థానం, నేటి మహారాష్ట్రలోని సతారా, సాంగ్లీ ప్రాంతాల్లో చెదురుమదురుగా ఉండేది. ఆ రాజు స్వయంగా చిత్రకారుడు, సూర్య నమస్కారాలను దేశమంతటా ప్రచారం చేసినవాడు. తర్వాతి కాలంలో తన సంస్థానంలో ప్రజలకే పాలన అప్పగించిన ఆదర్శ పురుషుడు. ఔంధ్‌లో ఒక సభామంటపం నిర్మాణం పని లక్ష్మణరావుకు అప్పగించడంతో వారి పరిచయం బలపడింది. కార్ఖానాకు చోటు లేదన్న సంగతి తెలిసి, కుండల్ రోడ్ రైలు స్టేషను దగ్గర ముప్పై రెండు ఎకరాల భూమి ఇచ్చారు. పదివేల రూపాయలు అప్పుగా కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో పదివేలంటే చిన్న మొత్తం కాదు. చిన్న సంస్థానాధీశుడికి అది ఇంకా పెద్దది. చిత్రకారుడు కాలేకపోయిన యంత్రకారుడికి ఒక చిత్రకారుడే ఆసరా అయ్యాడు. కాలం కొన్నిసార్లు ఇలా లెక్క సరిచేస్తుంది.

ముళ్ల నేల మీద ఊరు

ఇచ్చిన నేల సారవంతమైనదేమీ కాదు. ఎటు చూసినా నాగజెముడు పొదలు, వాటి కింద పాములు. వాన తక్కువ. దరిదాపుల్లో పట్టణం లేదు. 1910 మార్చి 10న అక్కడ పని ప్రారంభమైంది. లక్ష్మణరావును నమ్ముకుని బెల్గాం నుంచి సుమారు పాతికమంది పనివారు తమ కుటుంబాలతో తరలివచ్చారు. అందరూ కలిసి పొదలు నరికారు, గుడిసెలు వేశారు, కార్ఖానాకు గోడలు లేపారు. యజమాని కుటుంబం వేరే ఊళ్లో మేడలో లేదు. వారితో పాటే ఆ ముళ్ల మధ్యే కాపురం పెట్టింది. ఆ నేలే కిర్లోస్కర్‌వాడీ అయింది. రైలు స్టేషను కూడా తర్వాత ఆ పేరుతోనే ప్రసిద్ధమైంది.

పాశ్చాత్య దేశాల్లో కొందరు పారిశ్రామికవేత్తలు తమ పనివారికోసం చక్కటి ఊళ్లు కట్టించారని లక్ష్మణరావు పత్రికల్లో చదివారు. అటువంటి ఊరు మన దేశంలో ఎందుకు ఉండకూడదన్నది ఆయన కల. పనివాడు చీకటి గదిలో, మురికి వీధిలో బతుకుతుంటే అతని చేతి పని శుభ్రంగా ఎలా వస్తుందన్నది ఆయన నమ్మకం. ఇళ్లు, నీళ్లు, వీధులు, పిల్లలకు చదువు, వీటి సంగతి కార్ఖానా సంగతితో పాటే ఆలోచించారు. ఊరి నిర్వహణ భారం రామూఅణ్ణా చూసుకున్నారు. కిర్లోస్కర్‌వాడీలో అంటరానితనం పాటించరాదని కట్టడి చేశారు. 1910 ప్రాంతంలో ఒక సనాతన కుటుంబానికి చెందిన యజమాని ఇలా చేయడం ఎంత సాహసమో మన పెద్దల కాలం ఎరిగినవారికి చెప్పనక్కర లేదు.

ఇక ఆయన ఎంచుకున్న మనుషుల సంగతి చూడండి. పరీక్షల్లో తప్పిన కె.కె. కులకర్ణి ఆయన దగ్గర ఏ పనికైనా చేయి వేసే సమర్థుడయ్యారు. బడి మధ్యలో మానేసిన అనంతరావు ఫళ్నీకర్ యంత్రాలు రూపొందించే ఇంజనీరయ్యారు. మామూలు గుమాస్తాగా చేరిన మంగేశరావు రేగే జమాఖర్చుల బాధ్యత మొత్తం మోశారు. శంభూఅణ్ణా జాంభేకర్ యంత్రాల పనిలో కుడిభుజంగా నిలిచారు. లోకం పనికిరాడని పక్కన పెట్టిన మనిషిలో ఏ గుణం ఉందో పసిగట్టడంలో లక్ష్మణరావుది అందెవేసిన చెయ్యి. అతన్ని పట్టాతో కాక పనితో కొలిచేవారు.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది కాపలా సంగతి. ఊరికి దూరంగా ఉన్న కార్ఖానాకు రాత్రి కాపలా అవసరం. ఒకప్పుడు దోపిడీలు చేసినవారన్న పేరు మోసి, జైలు గడప తొక్కినవారిని ఆయన కాపలాదారులుగా పెట్టుకున్నారు. తుకారాం, పిర్యా అనే ఇద్దరి పేర్లు ఆ సంస్థ చరిత్రలో నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. దొంగ చేతికి తాళాలిచ్చాడని లోకం నవ్వి ఉంటుంది. కానీ జీవితంలో మొదటిసారి తమను నమ్మిన మనిషికి వారు ద్రోహం చేయలేదు. విశ్వాసపాత్రులుగా కార్ఖానాను కాపాడారు. మనిషి మీద పడిన ముద్రను చూడక మనిషిని చూసిన ఫలితమిది.

ఫిరంగులు నాగళ్లయిన వైనం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. విదేశీ సరుకుల రాక తగ్గిపోవడంతో స్వదేశీ నాగళ్లకు గిరాకీ పెరిగింది. అయితే గిరాకీతో పాటే కరువూ వచ్చింది. ఇనుము దొరకదు, బొగ్గు దొరకదు, రంగు దొరకదు. ఆర్డర్లు ఉండి ముడిసరుకు లేకపోవడం ఆకలి ఉండి అన్నం లేకపోవడం వంటిది.

ఆ సమయంలో కొల్హాపూర్ మహారాజు షాహు ఒక అపూర్వమైన సాయం చేశారు. తన సంస్థానంలో వాడకం లేకుండా పడి ఉన్న పాత ఫిరంగులను నాగళ్లు పోయడానికి ఇప్పించారు. ఒకనాడు యుద్ధాల్లో గర్జించిన ఇనుము కొలిమిలో కరిగి, రైతు చేతిలో నాగలిగా మారింది. ప్రపంచమంతా నాగలి ఇనుమును ఫిరంగిగా మారుస్తున్న రోజుల్లో, దక్కనులో ఒక మూల ఫిరంగి నాగలైంది. వెనుకబడిన వర్గాల అభ్యున్నతికి పాటుపడిన ప్రభువుగా షాహు మహారాజు పేరు చరిత్రలో నిలిచింది. రైతుకోసం ఆయన చేసిన ఈ పని కూడా ఆ కీర్తికి తగినదే.

యుద్ధం ముగిశాక 1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీగా నమోదైంది. అన్నదమ్ముల అంగడి వాటాదార్ల కంపెనీ అయింది. అదే ఏడు ఇంకో విశేషం జరిగింది. లక్ష్మణరావు అన్న కుమారుడు శంకరరావు కిర్లోస్కర్ ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. కార్ఖానా కబుర్లు, సరుకుల వివరాలు చెప్పడానికి పుట్టిన ఆ పత్రిక పేరు కిర్లోస్కర్ ఖబర్. క్రమేణా అది మరాఠీ ఇళ్లన్నిటికీ చేరిన ప్రముఖ మాసపత్రిక అయింది. స్త్రీల కోసం 1930లో స్త్రీ అనే పత్రిక, తర్వాత మనోహర్ అనే పత్రిక ఆ సంస్థ నుంచే వెలువడ్డాయి. సంఘ సంస్కరణ భావాలకు అవి వేదికలయ్యాయి. మనలాగే ఒక సంస్థ మనుషులకోసం పుట్టిన పత్రిక ఒక భాషలో ఇంత పని చేయగలిగిందంటే మనకూ ఉత్సాహం కలుగుతుంది.

నాగలి నుంచి నీటికి

దున్నిన నేలకు కావలసింది నీరు. చెరకు గానుగలు, వేరుశనగ కాయలు ఒలిచే యంత్రాలు, చేతి పంపులు ఒకదాని తర్వాత ఒకటి కార్ఖానాలో తయారయ్యాయి. 1926లో నీరు తోడే సెంట్రిఫ్యూగల్ పంపు వచ్చింది. పంపు లోపల రెక్కల చక్రం వేగంగా తిరుగుతూ నీటిని అంచులకు విసురుతుంది, ఆ వేగమే ఒత్తిడిగా మారి నీటిని గొట్టంలో పైకి నెడుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ నీరు కారిపోకుండా, చక్రం ఒరుసుకోకుండా పోత పోసి చెక్కడం నాగలి పోయడం కన్నా ఎంతో సున్నితమైన పని. ఇరవై ఏళ్లుగా ఇనుముతో మాట్లాడిన చేతులే ఆ పని చేయగలిగాయి.

ఆ 1926లోనే ఆయన పెద్ద కుమారుడు శంతనురావు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇంజనీరింగ్ పూర్తి చేశారు. తిరిగి వచ్చి నాజూకు కొలువు వెతుక్కోకుండా తండ్రి కార్ఖానాలోనే పనిలో దిగారు. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలాయి. రైతు చేతిలో డబ్బు ఆడనప్పుడు నాగలి ఎవరు కొంటారు? అప్పుడు ఇనుప బల్లలు, కుర్చీలు, బీరువాల తయారీ చేపట్టి కార్ఖానాను నిలబెట్టారు. రంగు చూడలేని కుర్రవాడు నక్షాల వైపు తిరిగినట్టే, నాగలి అమ్మలేని కార్ఖానా కుర్చీల వైపు తిరిగింది.

శంతనురావు తరం చేతిలో సంస్థ పెద్ద వృక్షమైంది. 1941లో హరిహర్‌లో లేత్ యంత్రాలు తయారుచేసే మైసూర్ కిర్లోస్కర్, 1946లో పుణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్, అదే ఏడు బెంగుళూరులో విద్యుత్ మోటార్లు చేసే కిర్లోస్కర్ ఎలక్ట్రిక్ వెలిశాయి. మన పల్లెల బావుల మీద చప్పుడు చేసిన ఇంజన్ల వెనుక ఉన్న కథ ఇది. రాయలసీమ వేరుశనగ చేలల్లో, తెలంగాణ బావుల కింది పొలాల్లో, కోస్తా మెట్ట భూముల్లో ఆ ఇంజన్లు, పంపులు చేసిన మేలు మన కళ్లతో చూసినదే.

మంటల తర్వాత

సాఫల్యం చూసిన వృద్ధాప్యంలో లక్ష్మణరావుకు మరొక పరీక్ష ఎదురైంది. 1948 జనవరి 30న మహాత్మా గాంధీ హత్య జరిగింది. హంతకుడు మరాఠీ బ్రాహ్మణుడని తెలియగానే మహారాష్ట్ర ప్రాంతంలో బ్రాహ్మణుల ఇళ్ల మీద, వ్యాపారాల మీద దాడులు చెలరేగాయి. ఆ అల్లర్లలో కిర్లోస్కర్‌వాడీ కార్ఖానాకు కూడా నిప్పు పెట్టారు. కుల భేదం పాటించరాదని ముప్పై ఎనిమిదేళ్ల క్రితమే కట్టడి చేసిన ఊరు, యజమాని పుట్టిన కులం పేరు మీద కాలిపోయింది. దీనికి మించిన విషాదం ఏముంటుంది? అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు.

అయితే కాలింది కట్టడాలు, యంత్రాలు. ఆ ఊరిని కట్టిన మనుషులు, వారు నేర్చిన పని మిగిలే ఉన్నాయి. కార్ఖానాను మళ్లీ నిలబెట్టారు, పంపులు మళ్లీ తయారయ్యాయి. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో కిర్లోస్కర్‌వాడీ నేటికీ పంపుల తయారీ కేంద్రంగా నడుస్తోంది. 1910లో నాగజెముడు నరికిన నేల మీద నూరేళ్లు దాటినా కొలిమి చల్లారలేదు.

లక్ష్మణరావు 1956 సెప్టెంబరు 26న కన్నుమూశారు. ఎనభై ఏడేళ్ల నిండు జీవితం. ఆయన శతజయంతి సందర్భంగా 1969 జూన్ 20న భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక స్టాంపు వెలువరించింది. మన సభ్యుల్లో స్టాంపులు సేకరించే అలవాటున్నవారి దగ్గర అది ఉండే ఉంటుంది. మనవళ్లకు ఒకసారి చూపించండి.

మనకు మిగిలినది

ఈ జీవితం నుంచి మనం తెలుసుకోవలసింది ఏమిటి? డబ్బు, పలుకుబడి లేని మనిషి పెద్ద కంపెనీ కట్టాడన్నది ఒక సంగతి. అటువంటి కథలు ఇంకా ఉన్నాయి. లక్ష్మణరావు జీవితంలో అంతకన్నా విలువైనది మరొకటుంది. తనను రంగులు తెలియనివాడన్నారు, పదోన్నతికి తగడన్నారు, స్థలం ఖాళీ చేసి పొమ్మన్నారు. ఇన్నిసార్లు కాదనిపించుకున్న మనిషి, తన గుమ్మంలోకి వచ్చిన ఎవరినీ తేలిగ్గా కాదనలేదు. పరీక్ష తప్పినవాణ్ణి, బడి మానినవాణ్ణి, జైలు నుంచి వచ్చినవాణ్ణి పనిలో పెట్టుకుని పరీక్షించి చూశాడు. తనకు దొరకని అవకాశాన్ని తాను ఇతరులకు ఇచ్చాడు. కష్టపడినవారందరూ పైకి వచ్చాక ఈ పని చేయరు.

మనం ఉద్యోగాలు విరమించాం. సంతకాలకు, హాజరు పట్టీలకు దూరమయ్యాం. కానీ మన సర్వీసులో ఎవరో ఒక అధికారి, ఎవరో ఒక మేస్త్రీ మన మీద నమ్మకం ఉంచి పని నేర్పబట్టే మనం నాలుగు మెతుకులు తిని ఇంత దూరం వచ్చాం. ఆ రుణం తీర్చుకోవడానికి ఇప్పుడు మనకు తీరిక ఉంది. ఇంటి పక్కన పరీక్ష తప్పి దిగాలుగా కూర్చున్న కుర్రవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. అతన్ని పిలిచి మనకు తెలిసిన పని నాలుగు రోజులు నేర్పితే చాలు. లక్ష్మణరావు కిర్లోస్కర్ వంటి మహనీయునికి మనం అర్పించగల నివాళి అదే.